సాఫ్ట్ స్టాప్ సమయం రెట్టింపు చేసినా పైపులో దెబ్బ తగ్గడం లేదు

రాత్రి షిఫ్టు:

అందరికీ నమస్కారం. నేను చూసుకునే పంపుహౌస్‌లో 75 కిలోవాట్ల, 4 పోల్, 50 హెర్ట్జ్ ఇండక్షన్ మోటారు ఒక సెంట్రిఫ్యూగల్ పంపును తిప్పుతోంది. డెలివరీ లైను ఉక్కు పైపు, పొడవు దాదాపు 1100 మీటర్లు. పై ట్యాంకు నీటిమట్టం సంపు నీటిమట్టానికి 48 మీటర్ల ఎత్తున ఉంటుంది. డెలివరీ వాల్వు పూర్తిగా మూసి నడిపితే ఈ పంపు 75 మీటర్ల హెడ్ (నీటి ఎత్తుగా చెప్పే పీడనం) ఇస్తుందని దాని పనితీరు రేఖ చెబుతోంది. మామూలుగా నడిచేటప్పుడు గేజ్ 5.8 బార్ చూపిస్తుంది, పైపులో నీటి వేగం సెకనుకు 1.5 మీటర్లు ఉంటుంది. పంపు పక్కనే, నీరు వెనక్కి రాకుండా ఆపే, తలుపు రెక్కలా తెరుచుకునే నాన్ రిటర్న్ వాల్వు ఉంది.

ఇంతకుముందు స్టార్ డెల్టా స్టార్టర్ ఉండేది. ఆపే బటన్ నొక్కిన మూడు నాలుగు సెకన్లకు నాన్ రిటర్న్ వాల్వు దగ్గర సమ్మెటతో కొట్టినట్టు చప్పుడు వచ్చేది, గేజ్ ముల్లు 8 బార్ దాటి ఎగిరేది. ఫ్లాంజి గాస్కెట్లు రెండుసార్లు పోయిన తరువాత, సాఫ్ట్ స్టాప్ (మోటారును మెల్లగా ఆపే) సదుపాయం ఉన్నదని చెప్పగా విని సాఫ్ట్ స్టార్టర్ పెట్టించాము. స్టార్టింగ్ ఇప్పుడు చాలా బాగుంది, దాని గురించి ఫిర్యాదేమీ లేదు. ఆపడమే అర్థం కావడం లేదు.

స్టాప్ ర్యాంప్‌ను (ఆపేటప్పుడు క్రమంగా దించే సమయాన్ని) 10 సెకన్లుగా, ముగింపు వోల్టేజీని 30 శాతంగా పెట్టి ఉంచారు. బటన్ నొక్కాక ఏడు సెకన్ల దాకా గేజ్ ముల్లు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఆ తరువాత ఒక్కసారిగా పడిపోతుంది, రెండు మూడు సెకన్లు గడిచాక పాత దెబ్బ మళ్లీ వినిపిస్తుంది. సమయం చాలలేదేమోనని 20 సెకన్లు చేశాను. ముల్లు 14వ సెకను దగ్గర పడింది, దెబ్బ 17వ సెకను దగ్గర వచ్చింది; అది ఆలస్యమైందే తప్ప చెప్పుకోదగినంత తగ్గలేదు. పైగా ఆ దెబ్బ పడ్డాక కూడా మోటారు మూలుగుతూ ఇంకో రెండు మూడు సెకన్లు తిరుగుతోంది. వెంటవెంటనే మూడు నాలుగు సార్లు ప్రయత్నించేసరికి ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయింది. సమయం ఇంకా పెంచాలా, లేక నేను తప్పు చోట వెతుకుతున్నానా?


తీగచుట్టు:

రాత్రి షిఫ్టు గారూ, సెకన్లు లెక్కపెట్టి రాసినందుకు ముందుగా ధన్యవాదాలు. చాలామంది "దెబ్బ వస్తోంది, ఏం చేయాలి" అని ఒక్క వాక్యంతో ఊరుకుంటారు. ఏడు సెకన్ల మౌనం, ఆ వెంటనే పతనం, దెబ్బ తరువాతి మూలుగు, ఈ మూడింటికీ మూలం ఒకటే.

సాఫ్ట్ స్టార్టర్ లోపల ఒక్కో ఫేజులో రెండేసి చొప్పున ఎదురెదురుగా అమర్చిన థైరిస్టర్లు ఉంటాయి. అవి ప్రతి అర్ధచక్రంలోనూ కొంత భాగాన్ని కోసివేసి మోటారుకు అందే వోల్టేజీని తగ్గిస్తాయి. ఫ్రీక్వెన్సీని మాత్రం ముట్టుకోవు. అది 50 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. కాబట్టి మీరు పెట్టిన 10 సెకన్ల ర్యాంప్ వోల్టేజీకి సంబంధించిన ర్యాంప్, వేగానికి సంబంధించినది కాదు. వోల్టేజీ సరళరేఖలో దిగుతోందంటే వేగమూ అలాగే దిగుతుందని మనకు అనిపిస్తుంది గాని, ఇండక్షన్ మోటారు స్వభావం అందుకు ఒప్పుకోదు.

మోటారు టార్క్ (తిప్పే బలం) వోల్టేజీ వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వోల్టేజీ 70 శాతానికి దిగితే టార్క్ సామర్థ్యం 49 శాతానికి దిగుతుంది. ఈ తరగతి మోటార్ల గరిష్ఠ టార్క్ సాధారణంగా పూర్తి భారపు టార్క్‌కు రెండు, రెండున్నర రెట్లు ఉంటుంది. అంటే చేతిలో చాలా మిగులు ఉంటుంది. ఆ మిగులు కరిగిపోయేదాకా మోటారు చేసే పనల్లా స్లిప్‌ను (సరఫరా ఫ్రీక్వెన్సీ నిర్ణయించే వేగం కంటే రోటరు వెనకబడే మేరను) కొద్దికొద్దిగా పెంచుకుంటూ అదే భారాన్ని మోయడమే. నిమిషానికి 1480 చుట్ల దగ్గర ఉన్న వేగం 1400 దాకా మెల్లగా జారుతుంది, గేజ్ ముల్లు పెద్దగా కదలదు. మీ పంపు మోటారును పూర్తిగా వాడుకోవడం లేదని, 60 కిలోవాట్లే తీసుకుంటోందని అనుకుంటే, వోల్టేజీ సుమారు 50 శాతానికి చేరేదాకా ఇదే పరిస్థితి. 100 నుంచి 30 శాతానికి 10 సెకన్లలో దిగుతున్నారు కనుక సెకనుకు 7 శాతం తగ్గుతోంది. 50 శాతం దగ్గరకు వచ్చేసరికి సరిగ్గా ఏడు సెకన్లు. ర్యాంప్ 20 సెకన్లు చేస్తే అదే చోటికి 14 సెకన్లకు వస్తారు. మీ గేజ్ మీకు ఈ లెక్కనే చూపించింది.

అక్కడి నుంచి కథ వేగంగా నడుస్తుంది. 50 నుంచి 40 శాతం మధ్య ఉన్న ఇరుకైన వోల్టేజీ పట్టీలోనే వేగమంతా పడిపోతుంది, టార్క్ రేఖ ఆకారాన్ని బట్టి కొన్ని మోటార్లయితే ఒక్కసారే కూలబడతాయి. ఆ పట్టీని మీ ర్యాంప్ సెకనున్నర లోపే దాటేస్తోంది. ఆ తరువాత మిగిలిన సమయమంతా మోటారు ఎక్కువ స్లిప్‌తో, మామూలు కరెంటుకు రెండు మూడు రెట్లు లాగుతూ, నీటిని కదిలించే శక్తి లేకుండా మూలుగుతుంది. ఆ కరెంటు వల్ల రోటరు వేడెక్కడం తప్ప ప్రయోజనం ఏమీ లేదు. ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ కావడానికి అదే కారణం. సాఫ్ట్ స్టాప్ కూడా వేడి విషయంలో ఒక స్టార్టుతో సమానమే కనుక, గంటకు ఇన్ని స్టార్టులు అని కేటలాగులో ఉన్న పరిమితిలో స్టాపులను కూడా కలిపి చూసుకోవాలి.

కనుక సమయం పెంచకండి. ర్యాంప్ మొదలయ్యే చోటును, ముగిసే చోటును మార్చండి. మీ పరికరంలో స్టెప్ డౌన్ వోల్టేజీ అనే సెట్టింగు ఉండవచ్చు. దాన్ని 65 శాతం దగ్గర పెడితే బటన్ నొక్కగానే వోల్టేజీ ఒకేసారి అక్కడికి దిగి, ఆ తరువాత ర్యాంప్ మొదలవుతుంది. పైన చెప్పిన మిగులు వల్ల ఆ దూకుడు నీటికి తెలియదు. ముగింపు వోల్టేజీని 38 శాతానికి పెంచి, సమయాన్ని 15 సెకన్లు చేస్తే, ఇప్పుడు సెకనున్నరలో దాటుతున్న పట్టీని అయిదు సెకన్లకు పైగా దాటుతారు. టార్క్ నియంత్రణ విధానం ఉంటే అది ఇంకా మేలు. అందులో పరికరం వోల్టేజీని, కరెంటును, పవర్ ఫ్యాక్టరును కొలిచి మోటారు టార్క్‌ను అంచనా వేసి, వోల్టేజీకి బదులు టార్క్‌ను సరళంగా దించుతుంది. పంపులకు సంబంధించినంత వరకు నా అనుభవంలో వోల్టేజీ ర్యాంప్ కంటే ఇదే నమ్మదగినది.


నీటిబరువు:

తీగచుట్టు గారు మోటారు వైపు నుంచి చెప్పింది సరిగానే ఉంది. అయితే దెబ్బ పుట్టేది మోటారులో కాదు కనుక నీటి వైపు నుంచి కూడా చూడాలి. అప్పుడు ఎన్ని సెకన్లు కావాలో ఊహతో పని లేకుండా తేలుతుంది.

సెంట్రిఫ్యూగల్ పంపు ఇచ్చే హెడ్ వేగం వర్గానికి అనుపాతం. మీ పంపు మూసిన వాల్వు మీద 75 మీటర్లు ఇస్తుంది, ఎత్తవలసింది 48 మీటర్లు. 48ని 75తో భాగిస్తే 0.64, దాని వర్గమూలం 0.8. అంటే వేగం 80 శాతానికి, సుమారు 1180కి దిగేసరికి పంపు ఇక ట్యాంకు ఎత్తును గెలవలేదు, నెమ్మదిగా దించుకుంటూ వచ్చామంటే అక్కడే ప్రవాహం సున్నా. ఆపడంలో నీటికి సంబంధించిన వ్యవహారమంతా 100 నుంచి 80 శాతం వేగం మధ్య ముగుస్తుంది. దాని కింద మోటారు ఎంత మృదువుగా ఆగితే ఏమిటి, ఎంత మొరటుగా ఆగితే ఏమిటి!

ఇప్పుడు కరెంటును నేరుగా తెంచితే ఏమవుతుందో చూద్దాం. రోటరు, ఇంపెల్లరు, అందులోని నీరు అన్నీ కలిపి జడత్వాన్ని ఎక్కువగానే వేసుకుని 2 కిలోగ్రాం మీటర్ వర్గం అనుకున్నా, పంపు తీసుకునే టార్క్ ముందు అది నిలవదు. వేగం 80 శాతానికి దిగడానికి సెకనులో అయిదో వంతు చాలు. కానీ 1100 మీటర్ల పైపులోని నీటిస్తంభం అంత త్వరగా ఆగదు. పంపు తోడ్పాటు పోయాక దాన్ని వెనక్కి లాగేది 48 మీటర్ల ఎత్తు, కొంత రాపిడి. ఆ లెక్కన అది సెకనుకు సెకనుకు సుమారు 0.45 మీటర్ల చొప్పున మందగించి, మూడు సెకన్ల పైచిలుకులో ఆగుతుంది. మీరు స్టార్ డెల్టా కాలంలో విన్న మూడు నాలుగు సెకన్ల ఆలస్యం ఇదే.

ఆగిన నీరు ఆగినచోటే ఉండదు. అదే తీరున వెనక్కి వేగం పుంజుకోవడం మొదలుపెడుతుంది. రెక్క తరహా నాన్ రిటర్న్ వాల్వు చాలా సందర్భాల్లో నీరు వెనక్కి తిరిగిన తరువాత గాని పూర్తిగా మూసుకోదు. రెక్క బరువు, కీలు రాపిడి, తెరుచుకున్న కోణం కలిసి దాన్ని ఆలస్యం చేస్తాయి. ఆ ఆలస్యం అర సెకను ఉంటే నీరు సెకనుకు 0.2 మీటర్ల వేగంతో వెనక్కి వస్తూ ఉంటుంది, ముప్పావు సెకను ఉంటే 0.3 మీటర్లకు పైగా. అప్పుడు రెక్క ఠపీమని మూసుకుంటే ఆ వేగమంతా ఒక్క క్షణంలో పీడనంగా మారుతుంది. నికొలాయ్ జుకోవ్‌స్కీ మాస్కో నీటి సరఫరా పైపుల మీద ప్రయోగాలు చేసి 1898లో ప్రచురించిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది. పైపులో పీడన తరంగ వేగాన్ని నీటి వేగంలోని మార్పుతో గుణించి, గురుత్వ త్వరణంతో భాగిస్తే పెరిగే హెడ్ మీటర్లలో వస్తుంది. ఉక్కు పైపులో తరంగ వేగం సెకనుకు 1100 మీటర్లు అనుకుంటే, 0.3 మీటర్ల వేగానికి 34 మీటర్లు. ఆగి ఉన్నప్పటి 4.7 బార్‌కు అది కలిస్తే 8 బార్. మీ ముల్లు ఎగిరింది అక్కడికే. ముల్లు గేజ్ ఇలాంటి వేగవంతమైన శిఖరాన్ని పూర్తిగా పట్టుకోలేదు కనుక అసలు పీడనం అంతకు మించే ఉండి ఉంటుంది.

ఇక్కడ ఒక మాట. కొందరు పైపులో ఉన్న పూర్తి 1.5 మీటర్ల వేగాన్ని ఆ సూత్రంలో పెట్టి 168 మీటర్ల దెబ్బ వస్తుందని భయపెడతారు. పైపు అవతలి చివర, ట్యాంకు వైపు, వాల్వును రెప్పపాటులో మూసినప్పుడు మాత్రమే ఆ లెక్క వర్తిస్తుంది. పంపు ఆగినప్పుడు మొదట జరిగేది పీడనం తగ్గడం. దెబ్బ కొట్టేది తిరిగి వచ్చే నీటి వేగం.

కాబట్టి చూడవలసింది ఒకటే: ప్రవాహం సున్నాను దాటే క్షణంలో నీరు ఎంత తీవ్రంగా మందగిస్తోంది. 1.5 మీటర్ల వేగాన్ని 15 సెకన్లలో సమానంగా దించగలిగితే మందగింపు 0.1 మాత్రమే. అదే రెక్క అదే అర సెకను ఆలస్యమైనా నీరు వెనక్కి పుంజుకునేది 0.05 మీటర్లు, పెరిగే హెడ్ ఆరు మీటర్ల లోపు. అది చెవికి టక్కుమని వినిపిస్తే గొప్ప. పీడన తరంగం పైపు చివరి దాకా వెళ్లి తిరిగి రావడానికి మీకు 2 సెకన్లు పడుతుంది. నీటిని దించే సమయం దానికి ఎన్నో రెట్లు ఉండాలన్న పాత సూత్రం కూడా ఈ 15 సెకన్లతో సరిపోతుంది. కాకపోతే ఆ 15 సెకన్లు నీరు మందగించడానికి పట్టే సమయం కావాలి. స్టార్టర్ తెర మీద కనిపించే సంఖ్య అయితే చాలదు.

నాన్ రిటర్న్ వాల్వును కూడా ఒకసారి విప్పి చూడండి. కీలు దగ్గర తుప్పు పట్టి రెక్క బిగుసుకుపోతే ఏ స్టార్టరూ దాన్ని కాపాడలేదు. మార్చే అవకాశం ఉంటే స్ప్రింగు సాయంతో తక్కువ దూరంలోనే మూసుకునే నాజిల్ తరహా వాల్వు పెట్టండి. నీరు తిరగబడే లోపే అది దాదాపు మూసుకుంటుంది.


యాభై హెర్ట్జ్:

పైవారు ఇద్దరూ చెప్పాక నేను చేర్చేది కొంతే. ఇదే పని వీఎఫ్‌డీతో (ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు వేగాన్ని నియంత్రించే పరికరంతో) చేస్తే ఫ్రీక్వెన్సీయే దిగుతుంది కనుక వేగం మన ఆజ్ఞకు కట్టుబడి ఉంటుంది, మోటారు కరెంటు కూడా పెరగదు. అయినా వీఎఫ్‌డీ పెట్టిన చోట కూడా దెబ్బలు విన్నాను. కారణం పైన ఉన్న 80 శాతం లెక్కలోనే ఉంది. 50 నుంచి 0 హెర్ట్జ్‌కు 20 సెకన్లు అని పెడతారు. అంటే సెకనుకు 2.5 హెర్ట్జ్. నీటికి సంబంధించిన 50 నుంచి 40 హెర్ట్జ్ భాగం నాలుగు సెకన్లలో అయిపోతుంది, మిగిలిన 16 సెకన్లు పంపు మూసుకున్న వాల్వు వెనక అదే నీటిని చిలుకుతూ ఉంటుంది. రెండు వాలుల ర్యాంప్ పెట్టి, 50 నుంచి 39 దాకా 15 లేదా 20 సెకన్లు, అక్కడి నుంచి సున్నాకు రెండు సెకన్లు ఇస్తే సమయం సరైన చోట ఖర్చవుతుంది. 40 దగ్గరకు వచ్చేకొద్దీ వేగంలో చిన్న మార్పుకే ప్రవాహం ఎక్కువగా పడుతుంది కాబట్టి చివరి రెండు మూడు హెర్ట్జ్‌లను ఇంకా నెమ్మదిగా దించగలిగితే మరీ మంచిది.

అయితే పంపును రోజంతా ఒకే వేగంతో నడిపేవారు కేవలం ఆపడం కోసం వీఎఫ్‌డీ కొనడం నాకు నచ్చదు. ఉన్న సాఫ్ట్ స్టార్టర్‌ను సరిగా అమర్చుకుంటే మీ లైనుకు చాలు.

రాత్రి షిఫ్టు గారు ప్రస్తావించని అసలు ప్రమాదం మరొకటి ఉంది. కరెంటు పోతే సాఫ్ట్ స్టాప్ లేదు, వీఎఫ్‌డీ లేదు. నీటిబరువు గారు వర్ణించిన మూడు సెకన్ల కథ మొత్తం యథాతథంగా జరుగుతుంది. పైపు మధ్యలో ఎక్కడైనా గుట్ట ఎక్కి దిగితే అది ఇంకా చెడ్డది. పంపు తోడ్పాటు పోగానే ఆ మెట్ట దగ్గర పీడనం వాతావరణ పీడనం కంటే బాగా కిందికి పడి నీరు ఆవిరై, నీటిస్తంభం రెండుగా తెగుతుంది. ఆ రెండు ముక్కలూ మళ్లీ ఢీకొన్నప్పుడు వచ్చే దెబ్బ ముందు రెక్క దెబ్బ చిన్నది. కనుక పైపును సాఫ్ట్ స్టాప్ కాపాడుతుందని నమ్మి డిజైను చేయకూడదు. కరెంటు పోయినా తట్టుకునేలా ఎయిర్ వెసల్ (గాలి నింపిన పీడన పాత్ర), మెట్టల దగ్గర ఎయిర్ వాల్వులు, అవసరమైతే షాఫ్టు మీద ఫ్లైవీల్ వంటివి చూసుకోవాలి. సాఫ్ట్ స్టాప్ రోజూ జరిగే మామూలు స్టాపుల అరుగుదలను తగ్గిస్తుంది, దాని పరిధి అంతే. మీ పైపు నిలువుకోత పటం ఉంటే ఒకసారి పరిశీలించండి.


లోతు బోరు:

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నాది బోరులో దించిన సబ్‌మెర్సిబుల్ పంపు. దీనికి కూడా ఇదే 15 సెకన్ల సూత్రం పెట్టుకోవచ్చా?


తీగచుట్టు:

లోతు బోరు గారూ, తొందరపడి పెట్టకండి. సబ్‌మెర్సిబుల్ మోటారు అడుగున ఉండే థ్రస్ట్ బేరింగు పలుచని నీటిపొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర నిలవాలంటే కొంత కనీస వేగం ఉండాలి. ఈ మోటార్లను వీఎఫ్‌డీతో నడిపేటప్పుడు 30 హెర్ట్జ్‌కు దిగువన నడపవద్దని, సున్నా నుంచి 30 దాకా, 30 నుంచి సున్నా దాకా ఒక్క సెకనులో దాటించాలని చెప్పడం అందుకే. సాఫ్ట్ స్టార్టర్‌తో చాలాసేపు మూలిగించి ఆపితే ఆ బేరింగు పొడిగా రాసుకుంటుంది. పైగా మోటారు చుట్టూ నీరు పారకపోతే చల్లబడదు కూడా. మీ మోటారు పుస్తకంలో స్టాప్ ర్యాంప్‌కు అనుమతించిన గరిష్ఠ సమయం చూడండి, అది రెండు మూడు సెకన్లకు మించకపోవచ్చు. దానితో దెబ్బ తగ్గకపోతే వాల్వు వైపు పరిష్కారం వెతకాలి.


రాత్రి షిఫ్టు:

అందరికీ ధన్యవాదాలు. రెండు రోజులు తీరిక చేసుకుని ఒక్కొక్కటే మార్చి చూశాను.

ముందుగా స్టెప్ డౌన్ 65, ముగింపు 38, సమయం 15 సెకన్లు పెట్టాను. బటన్ నొక్కగానే మోటారు శబ్దం కొద్దిగా మారింది, ముల్లు 5.8 నుంచి కదలలేదు. ఆరేడు సెకన్ల తరువాత అది దిగడం మొదలుపెట్టింది. ఈసారి పడిపోవడం కాదు, దిగడమే, చూస్తుండగా 5.5, 5.2 దాటింది. 12వ సెకను దగ్గర రెక్క మూసుకున్న చప్పుడు వచ్చింది, తలుపు దగ్గరికి వేసినట్టుగా. ముల్లు 6 దాకా ఎగిరి 4.7 దగ్గర స్థిరపడింది. 8 ఎక్కడ, 6 ఎక్కడ! క్లాంప్ మీటరులో ర్యాంప్ చివరి భాగంలో కరెంటు మామూలు కంటే రెండున్నర రెట్లు కనిపించింది, ఓవర్‌లోడ్ మాత్రం ట్రిప్ కాలేదు. వెంటవెంటనే పరీక్షించకుండా అరగంట చొప్పున విరామం ఇచ్చాను.

తరువాత మెనూలో వెతికితే టార్క్ నియంత్రణ కూడా కనిపించింది. దానికి మార్చి అదే 15 సెకన్లు ఇస్తే ముల్లు మూడో సెకను నుంచే దిగడం మొదలుపెట్టి, 5.2 దాటి ఎగరలేదు. పంపు దగ్గర నిలబడితే తప్ప రెక్క చప్పుడు వినిపించడం లేదు. దీనినే ఉంచేశాను. వాల్వును విప్పి చూస్తే కీలు పిన్ను ఒకవైపు బాగా అరిగి ఉంది, దానిని మార్చాలి. పైపు దారిలో 700 మీటర్ల దగ్గర ఒక చిన్న మెట్ట ఉన్నదని, అక్కడి ఎయిర్ వాల్వు ఎంతోకాలంగా మూసేసి ఉన్నదని కూడా ఈ వంకతో తెలిసింది. యాభై హెర్ట్జ్ గారు అడగకపోతే ఎవరమూ అటు వెళ్లేవాళ్లం కాదు.

ఒక సందేహం మిగిలింది. ప్యానెల్ తలుపు మీద ఉన్న ఆపే బటన్‌తో చక్కగా ఆగుతున్న పంపు, సంపులో నీరు తగ్గినప్పుడు లెవెల్ స్విచ్ ద్వారా ఆగితే మాత్రం పాత దెబ్బే కొడుతోంది. ఇది ఎందుకు?


తీగచుట్టు:

లెవెల్ స్విచ్ తీగ ఎక్కడికి వెళ్తోందో చూడండి. పాత స్టార్ డెల్టా ప్యానెల్ నుంచి మార్చినప్పుడు చాలాచోట్ల జరిగే పొరపాటే మీ దగ్గరా జరిగి ఉంటుంది. ఆ కాంటాక్టు సాఫ్ట్ స్టార్టర్‌కు ముందున్న మెయిన్ కాంటాక్టర్ (సరఫరాను కలిపి తెంచే విద్యుదయస్కాంత స్విచ్) కాయిల్‌తో సిరీస్‌లో ఉండిపోయి ఉంటుంది. నీరు తగ్గగానే మెయిన్ కాంటాక్టర్ ఊడిపోతుంది, సాఫ్ట్ స్టార్టర్‌కు ఇన్‌పుట్టే పోతుంది, ఇక అది దేనిని మృదువుగా ఆపగలదు? ఆ కాంటాక్టును సాఫ్ట్ స్టార్టర్ రన్ కమాండ్ టెర్మినల్‌కు మార్చండి. మెయిన్ కాంటాక్టర్ ర్యాంప్ పూర్తయ్యేదాకా పట్టుకుని ఉండాలి; దాని కోసం స్టార్టర్‌లోనే ఉన్న రన్ రిలే కాంటాక్టుతో హోల్డింగ్ ఇస్తే సరిపోతుంది. ర్యాంప్ సాగే ఆ పదిహేను సెకన్లలో సంపు నీటిమట్టం సక్షన్ నోటి దాకా దిగకుండా లెవెల్ స్విచ్‌ను కొంచెం పైకి జరపడం మరిచిపోవద్దు.

ఎమర్జెన్సీ స్టాప్‌ను మాత్రం ఇలా మార్చకండి. ఐఈసీ 60204-1 ప్రమాణంలో స్టాపులను కేటగిరీలుగా విభజించారు. కేటగిరీ 0 అంటే వెంటనే సరఫరా తెంచడం, కేటగిరీ 1 అంటే నియంత్రణలో ఆపి ఆ తరువాత తెంచడం. పంపు కప్లింగు దగ్గర ఎవరి చెయ్యో చిక్కుకుంటే 15 సెకన్లు ఆగే పరిస్థితి ఉండదు. ఎర్ర పుట్టగొడుగు బటన్ మెయిన్ కాంటాక్టర్‌నే ఊడగొట్టాలి, పైపులో దెబ్బ వస్తే రానివ్వండి. దానిని రోజువారీ ఆపడానికి వాడవద్దని ఆపరేటర్లకు చెప్పి ఉంచండి.

పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్లు పాత ప్యానెల్లో మోటారు టెర్మినళ్లకు కట్టి ఉండేవేమో అది కూడా చూడండి. సాఫ్ట్ స్టార్టర్‌కు, మోటారుకు మధ్య కెపాసిటర్ ఉండకూడదు, థైరిస్టర్లు పోతాయి. వాటిని లైను వైపుకు మార్చి, స్టార్టు పూర్తయ్యాక మోటారును నేరుగా లైనుకు కలిపే బైపాస్ కాంటాక్టర్ పడ్డాక మాత్రమే కలిసేలా, స్టాప్ ర్యాంప్ మొదలుకాక ముందే విడిపోయేలా విడిగా ఒక కాంటాక్టర్ పెట్టించండి.


రాత్రి షిఫ్టు:

మీరన్నట్టే లెవెల్ స్విచ్ మెయిన్ కాంటాక్టర్ కాయిల్‌లోనే ఉంది. ఈ రోజు రన్ టెర్మినల్‌కు మార్చి, స్విచ్‌ను ఒక జానెడు పైకి జరిపాము. సంపు ఖాళీ చేసి పరీక్షించాము, ముల్లు 5.2 దాటలేదు. కెపాసిటర్లు లైను వైపే ఉన్నాయి. కీలు పిన్ను వచ్చాక వాల్వు పని, మెట్ట మీద ఎయిర్ వాల్వు పని మొదలుపెడతాము.